ముప్పై ఎనిమిదో స్పర్శ

మందాకిని తిరిగొచ్చిన రోజు ధారణ కంప్యూటర్స్‌లో కరెంటు లేదు. జనరేటరు ఉంది గానీ దాన్ని నడిపించే ఓపిక పాత యాజమాన్యానికి ఎప్పుడో పోయింది. కుషాయిగూడలోని ఆ పొడవాటి షెడ్డులో మూడువందల చిల్లర మంది కిటికీల వెలుతురులో నిలబడి, తొమ్మిదేళ్ళ కిందట తన సొంత కంపెనీ నుంచే వెళ్ళగొట్టించుకున్న మనిషి లోపలికి నడిచి రావడం చూశారు. జుట్టు పూర్తిగా నెరిసింది. కాళ్ళకు మాత్రం అప్పటిలాగే మగవాళ్ళ చెప్పులు.

ఆమె ఎవరినీ పలకరించలేదు. గోడ మీద కంపెనీ తయారుచేసే నలభై రకాల యంత్రాల బొమ్మలు వరసగా వేలాడుతున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ సరిగ్గా అమ్ముడుపోవడం లేదు. ఆమె ఒక స్టూలు లాక్కుని, ఎక్కి, ఒక్కొక్క బొమ్మే దించి నేల మీద పెట్టింది. చివరికి గోడ మీద దుమ్ము పట్టని నలభై చదరాలు మిగిలాయి.

"ఇకమీద ఒకటే చేస్తాం," అంది స్టూలు మీద నుంచే. "దానికి బొమ్మ ఇంకా లేదు."

స్టూలు కాలు ఒకటి ఊగుతోంది. వెనక వరసలోంచి ఓదెలు వచ్చి దాన్ని పట్టుకున్నాడు. ఆమె కిందికి చూసింది.

"ఓదెలు గారూ, మీరింకా ఇక్కడే ఉన్నారా?"

"యాడికి పోత మేడం," అన్నాడు ఓదెలు.

ఆయన సిరిసిల్లలో మగ్గం ఇంట పుట్టాడు. తండ్రి గుడ్డ మీద బొటనవేలు జరిపి, తెగిన పోగు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. కొడుకు ఆ వేళ్ళను తెచ్చుకుని కంప్యూటర్ల కంపెనీలో చేరాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఆఖరి పరీక్షకుడు. తయారైన ప్రతి యంత్రం మీదా బొటనవేలు జరుపుతాడు. అతుకు సరిగా లేకపోతే పక్కన పెడతాడు, ఉంటే సుద్దముక్కతో ఒక టిక్కు కొడతాడు. ఆ టిక్కు లేనిదే యంత్రం గేటు దాటదు.

ముట్టుకునే ముందు నడుముకు దోపుకున్న గుడ్డతో బొటనవేలూ మరో రెండు వేళ్ళూ తుడుచుకోవడం ఆయన అలవాటు. ఆ అలవాటు నేర్పింది మందాకినే. కంపెనీ అద్దె గదిలో ఉన్న రోజుల్లో, "చెమట తగిలితే బోర్డు చచ్చిపోతుంది, తుడుచుకుని ముట్టుకోండి," అని రోజుకు పదిసార్లు చెప్పేది. అప్పటినుంచీ ఆ చేయి తనంతట తానే నడుము దగ్గరికి పోతుంది. నిరుడు వానల్లో భార్య సులోచన పోయాక మాత్రం గుడ్డ మారింది. ఆమె ఇంట్లో కట్టుకునే నీలం నూలు చీర కొంగును జానెడు వెడల్పున కత్తిరించి దోపుకుంటున్నాడు.

ఆమె పోయినప్పుడు ఆయన ఏడవలేదు. ధైర్యం గల మనిషి అన్నారు అందరూ. ధైర్యమేమీ కాదు, లోపల ఏమీ జరగలేదంతే. అన్నం తింటున్నాడు, బస్సెక్కుతున్నాడు, టిక్కు కొడుతున్నాడు. కిటికీ అవతల వాన పడుతుంటే చూస్తున్నట్టు ఉండేది ఆయనకు తన బతుకు.

*

మందాకిని ఆ తొమ్మిదేళ్ళలో తయారుచేసుకున్న యంత్రం పేరు 'పలక'. చూడ్డానికి గాజు పలకే. దాని మీద ఇసుక బొమ్మ వచ్చినప్పుడు వేలు పెడితే ఇసుకే తగులుతుంది. గింజ గింజా తెలుస్తుంది. బొమ్మా మాటా ఎంత దూరమైనా పంపగలుగుతున్నాం, స్పర్శను ఎవరూ పంపలేదు, మనం పంపుదాం అంది ఆమె.

కానీ ఆ స్పర్శ ఒక మనిషి దగ్గర్నుంచి రావాలి. వేళ్ళకు సన్నని తొడుగు వేసి, ఎర్రదీపం వెలిగినంతసేపు వస్తువును ముట్టుకుంటే, యంత్రం ఆ వేళ్ళు తెలుసుకున్నదాన్ని రాసుకుంటుంది. రాసుకున్నది మనిషి దగ్గర మిగలదు. ఎందుకో మందాకినికీ తెలియదు. మొదటి నమూనా ఆమే ఇచ్చింది. తడి మట్టి. ఆ సాయంత్రం కుండీల్లో మట్టి సర్దుతుంటే చేతికి ఏమీ తగల్లేదు. అరచేతికీ తగల్లేదు, పాదానికీ తగల్లేదు. యంత్రంలో దాన్ని చెరిపేస్తే గంటలో తిరిగొచ్చింది. అంచేత దాచిపెట్టడానికి ఏమీ లేకపోయింది. షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి, ఇస్తే ఏం పోతుందో చెప్పి, ఇష్టమైనవాళ్ళనే రమ్మంది.

ఆరుగురు వెళ్ళారు. ఐదుగురి నమూనాలు పనికిరాలేదు. ప్రయోగశాల చూసే ఫర్హానా తెర మీద గీతలు చూపించింది. అన్నీ నూగు పట్టిన దారాల్లా ఉన్నాయి.

"ఇది మేడం గీత," అంది నవ్వుతూ. "మట్టి ముట్టుకుంటూ కూడా పని గురించే ఆలోచిస్తారు. ఇది మీది అంకుల్. చూడండి, ఎంత నున్నగుందో. ముట్టుకునేటప్పుడు మీరేం అనుకుంటరు?"

"ఏమనుకోను బిడ్డా."

"ఏమీ అనుకోకుండా ఎట్లుంటరు?"

"ఉంటున్న గద," అన్నాడు ఓదెలు.

అలా ఆయన ఒక్కడే మిగిలాడు. ఇసుక ఇచ్చాడు, చింతగింజ ఇచ్చాడు, చన్నీళ్ళు ఇచ్చాడు, కుక్కచెవి ఇచ్చాడు, జొన్నకంకి ఇచ్చాడు, వేడి స్టీలు గ్లాసు ఇచ్చాడు. ప్రతిదానికీ ముందు మందాకిని కాగితం చదివి వినిపించేది. ఆయన సంతకం పెట్టేవాడు. పోయేదేముందిలే అనిపించేది ఆయనకు. ఇవ్వకపోతే కంపెనీ మూతపడుతుంది, ఆ ఊగే స్టూలుతో సహా అన్నీ ఎవరో పట్టుకుపోతారు. అదొక్కటే ఆయనకు బాగోదనిపించింది.

పొద్దున స్నానం చేస్తుంటే ఒంటి మీద నీళ్ళు పడుతున్న చప్పుడు మాత్రం వినిపించేది. క్యాంటీన్లో ఒకరోజు పొగలు కక్కే టీ గ్లాసును గట్టిగా పట్టుకుని నిలబడితే, క్యాంటీన్ నడిపే మణెమ్మ పరుగున వచ్చి లాక్కుంది. అప్పటికే వేళ్ళు బొబ్బలెక్కాయి. మణెమ్మది వాళ్ళ బస్తీయే. సులోచనకు స్నేహితురాలు. మర్నాటి నుంచి క్యాంటీన్ కిటికీకి ఒక చీటీ వెలసింది. 'ఓదెలన్నకు వేడి తెల్వది. సల్లార్చి ఇయ్యాలె.' ఆమె అటూ ఇటూ రెండు గ్లాసుల్లో టీ తిరగబోసి, తన చేతి వెనక చుక్క వేసుకుని చూసి, అప్పుడు ఇచ్చేది.

"ఇప్పుడు తాగు," అనేది. "నువ్వు మనిషివా, దుకాణమా? దినాం ఒకటి ఇచ్చొస్తున్నవు."

"ఇంక నాలుగే ఉన్నయి మణెమ్మా."

"గవి గూడ ఇచ్చేసి బొమ్మ లెక్క కూసుంటవా?"

ఆయన టీ తాగాడు. సరిగ్గా తాగగలిగినంత వేడిగానే ఉండి ఉంటుంది, నాలుక కాలలేదు.

*

ముప్పై ఎనిమిదోది నూలు. మంగళవారం మధ్యాహ్నం పళ్ళెంలో కొత్త తెల్ల ఖద్దరు ముక్క పెట్టారు. గురువారం పన్నెండింటికి, మిగతా పలకలన్నిటికీ మూలమైన అసలు పలకను మూసేస్తారు. మూసేశాక దానిలోంచి దేన్నీ చెరపడానికి వీలుండదు. సోమవారం వ్యాపారులు చూడ్డానికి వస్తారు. అంతా తొందరలో ఉన్నారు.

నియమం ప్రకారం చేతులు కడుక్కుని రెండు నిమిషాలు గాలికి ఆరబెట్టుకోవాలి. గుడ్డతో తుడవకూడదు. ఓదెలు ముప్పై ఏడుసార్లు అలాగే చేశాడు. ఆ రోజు తొడుగు వేసుకుని కూర్చున్నాక మందాకిని లోపలికొచ్చింది. ఆయన వెనక నిలబడి, పాత రోజుల్లోని గొంతుతో, "ఊఁ, కానివ్వండి ఓదెలు గారూ," అంది.

ఆ గొంతు విన్న చేయి నడుము దగ్గరికి పోయింది. బొటనవేలూ మరో రెండు వేళ్ళూ గుడ్డ మీద జరిగాయి. ఎర్రదీపం అప్పటికే వెలుగుతోంది. తర్వాత ఆయన ఖద్దరును ముట్టుకున్నాడు గానీ, యంత్రానికి కావలసింది అంతకుముందే దొరికింది. దీపం ఆరిపోయింది. అంతా కలిపి నాలుగు సెకన్లు.

గదిలో ఎవరూ గమనించలేదు. ఆయనా గమనించలేదు.

ఆ సాయంత్రం బస్సులో చొక్కా గుండీ సర్దుకుంటుంటే కొత్త చొక్కా గరుకు తెలిసింది. నూలు ఇచ్చేశాను కదా, ఎందుకు తెలుస్తోంది అనుకున్నాడు. నడుము దగ్గర తడుముకున్నాడు. గుడ్డ లేదు. పడిపోయిందేమో అని సీటు కింద చూశాడు. వంగి చూసేసరికి గుడ్డ తన చేతిలోనే ఉంది. పట్టుకునే ఉన్నాడు.

దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. వేలికి వేలే తగిలింది. చెంపకు ఆనించుకున్నాడు. పక్క సీటు మనిషి పంటినొప్పా అని అడిగి, తన సంచిలోంచి లవంగం తీసిచ్చాడు. ఓదెలు అది పుచ్చుకుని దవడన పెట్టుకున్నాడు.

*

బుధవారం బయటివాళ్ళను ఇరవై మందిని పిలిచి పలకను ముట్టుకోనిచ్చారు. ఇసుక దగ్గర నవ్వారు. కుక్కచెవి దగ్గర ఓహో అన్నారు. చన్నీళ్ళ దగ్గర చేయి విదిలించుకుని, తడి లేదని చూసుకుని మళ్ళీ నవ్వారు. ముప్పై ఎనిమిదో దాని దగ్గర ఎవరూ నవ్వలేదు. ఎవరూ చేయి తియ్యలేదు కూడా. రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన కుర్చీ అడిగి కూర్చున్నాడు. వెనకవాళ్ళు తొందరపెడుతున్నా లేవలేదు.

సాయంత్రం ఫర్హానా ఓదెలును లోపలికి పిలిచింది. మందాకిని అక్కడే ఉంది.

"అంకుల్, మీ గీతల్లో ఇదొక్కటే నూగుతో ఉంది. రూలు ప్రకారం పారేయాలె. కానీ ఇది ఖద్దరు కాదు. ఏంది ఇది?"

ఓదెలు నడుము నుంచి గుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు.

"తుడుసుకున్న," అన్నాడు. "అలవాటుల పొరపాటైంది. గిది మా ఇంటామె చీర."

మందాకిని గుడ్డ వైపు చూసింది గానీ ముట్టుకోలేదు. గాజు కిటికీలోంచి షెడ్డులోకి చూసింది.

"మీకిప్పుడు తెలియడం లేదా?"

"తెలుస్తలేదు."

"తుడుచుకోమని నేర్పింది నేను," అంది ఆమె. "అబద్ధం చెప్పను ఓదెలు గారూ. మిగతా ముప్పై ఏడూ చూసి జనం బాగుందంటారు. బాగుందని వెళ్ళిపోతారు. ఈ ఒక్కదాని దగ్గరే ఆగిపోయారు. ఇది ఉంటే కంపెనీ నిలబడుతుంది. లేకపోతే నాకు తెలియదు. కానీ ఇది మీరు ఇచ్చింది కాదు, మేం తీసేసుకున్నది. దీనికి కాగితం లేదు. రేపు పన్నెండు లోపల చెరిపెయ్యమంటే నా చేత్తో చెరిపేస్తాను. తర్వాత ఒక్కమాట అనను."

"మళ్ళీ ఇయ్యరాదా? ఇప్పుడు వాపసు తీసుకొని, రెండోసారి?"

"నేను ప్రయత్నించాను. ఒకసారి చెరిపేసిన స్పర్శను యంత్రం మళ్ళీ తీసుకోదు."

"నేను పలక మీద చెయ్యి పెడితే నాకు తగులదా?"

ఫర్హానా తల అడ్డంగా ఊపింది. "ఇచ్చినవాళ్ళకు తగలదు అంకుల్."

ఆయన గుడ్డ మడిచి దోపుకుని ఇంటికి పోయాడు. అన్నం వండుకున్నాడు. తిన్నాడు. చెరిపెయ్యమంటే గంటలో వచ్చేస్తుంది. ఆమె తాలూకు ముట్టుకోదగ్గది ఆ ఇంట్లో ఇంకేదీ లేదు. మిగిలినవన్నీ ఆమె చెల్లెళ్ళు తీసుకుపోయారు, ఆయనే తీసుకుపొమ్మన్నాడు. చెరిపెయ్యమనే చెప్పాలి. అందులో ఆలోచించేదేముంది అనుకుంటూ పడుకున్నాడు.

*

గురువారం పదకొండున్నరకు ప్రయోగశాలలో ముగ్గురూ ఉన్నారు. మందాకిని చేయి చెరిపే మీట దగ్గర ఉంది. మణెమ్మ టీ తెచ్చింది. ఓదెలు గ్లాసు విడిగా, చల్లార్చి.

"మేడం," అన్నాడు ఓదెలు. "సెరిపే ముందు ఒకపారి మణెమ్మను ముట్టుకోనియ్యుండ్రి. ఎట్లున్నదో చెప్తది. ఆమెకు ఎరుకే."

"నాకొద్దు," అంది మణెమ్మ. "కరెంటు కొడితే నా పిల్లలకు ఎవలు దిక్కు?"

"కొట్టదక్కా, నేను రోజూ ముట్టుకుంటా," అంది ఫర్హానా.

మణెమ్మ చేతులు కడుక్కుని, తుడుచుకుని, వేలి కొన మాత్రం గాజు మీద పెట్టింది. తర్వాత నాలుగు వేళ్ళూ పెట్టింది. పళ్ళెంలో మిగతా గ్లాసుల్లో టీ చల్లారిపోతోంది.

"గిది సులోచన నీలం చీర," అంది.

"అవును."

"గంజంత పోయి మెత్తగైంది. కొంగు గిది. పొయ్యికాడ సేతులు తుడుసుకునే దిక్కు, ఇగో, జర గట్టిగున్నది." వేలు మెల్లగా జరిగింది. ఆగింది. ఆమె చిన్నగా నవ్వింది. "ఇగో, కుట్టు గూడ ఉన్నది."

"ఏం కుట్టు?"

"నీకు తెల్వదా? ఈసీఐఎల్ బస్సుల సీటు మేకుకు పట్టి సినిగింది. నా ముంగటనే కూసోని కుట్టింది. ఆయనకు చెప్పకు మణెమ్మా, సాలోల్ల ఇంట్ల పుట్టిండు, నా కుట్టు జూస్తే వంకలు పెడతడు అన్నది. ఎంట్రుకతోని కుట్టినట్టు కుట్టింది పాపం. రెండు దినాలు పట్టింది."

ఓదెలు నడుము నుంచి గుడ్డ తీశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు పట్టాడు. ముందు కనిపించలేదు. ఇటు తిప్పి చూస్తే, అంచుకు రెండు వేళ్ళ ఎడంలో, నీలం మీద నీలం దారం, నెలవంక ఆకారంలో. పోగుకు పోగు జతపడింది. తన తండ్రి వేలు కూడా దాటి పోయేదేమో.

ఇరవై ఆరేళ్ళుగా అందరి అతుకులూ పట్టుకున్న వేలు. ఆ కొంగును దోపుకుని పద్నాలుగు నెలలు తిరిగాడు. దానితోనే రోజుకు వందసార్లు తుడుచుకున్నాడు.

ఫర్హానా తెర వైపు చూస్తోంది. "అంకుల్, గీతలో ఇక్కడే నూగంతా ఉంది. మీ వేలు ఇక్కడ ఆగింది."

"ఆగిందా?"

"కొంచెం."

పన్నెండుకు పది నిమిషాలుంది. మందాకిని మీట మీద వేలు ఆనించే ఉంచింది. "చెప్పండి ఓదెలు గారూ."

ఆయన గుడ్డను మళ్ళీ వెలుతురుకు పట్టి, కుట్టును ఒకసారి చూసి, మడత పెట్టాడు.

"ఉండనియ్యుండ్రి," అన్నాడు.

"ఇంకోసారి ఆలోచించండి. మూసేశాక నా చేతుల్లో కూడా ఉండదు."

"నా దగ్గరున్నన్ని దినాలు గా కుట్టు నాకు దొరకనే లేదు మేడం. వాపసు ఒచ్చినా దొరికేది గాదు. ఇంకొకల చేతికైతే దొరికింది." గుడ్డను నడుముకు దోపుకుని, "కాగితం రాయుండ్రి. సంతకం పెడత," అన్నాడు.

మందాకిని మీట మీంచి వేలు తీసింది. కాగితం తనే రాసింది. ఎప్పుడూ చదివి వినిపించినట్టే మొదలుపెట్టి, సగంలో ఆపేసి, మిగతాది ఆయన చేతికిచ్చింది. ఆయన చదువుకుని సంతకం పెట్టాడు. మణెమ్మ ఆయన టీ తీసుకుపోయి మళ్ళీ వెచ్చబెట్టి, మళ్ళీ చల్లార్చి తెచ్చింది.

*

తర్వాత జరిగినదాని గురించి పత్రికల్లో చాలా రాశారు. మూతపడబోయిన కంపెనీ లేచి నిలబడిందనీ, వెళ్ళగొట్టిన మనిషే వచ్చి నిలబెట్టిందనీ. గోడ మీద నలభై చదరాలకూ సున్నం కొట్టి మధ్యలో ఒకే ఒక్క బొమ్మ పెట్టారు. షెడ్డు మూడు షిఫ్టులు నడుస్తోంది. స్టూలుకు కొత్త కాలు వేశారు.

ఓదెలు ఇప్పటికీ ఆఖరి పరీక్షకుడే. ఆ ఉద్యోగానికి ఆయన పనికిరాడని ఎవరో అన్నారట. పలకలోని నమూనాలన్నీ ఆయన ఇచ్చినవే, ఆయన వేలికి ఒక్కటీ తగలదు, ఇంక ఏం పరీక్షిస్తాడని. మందాకిని ఆ మాట విని, "ఆయన టిక్కు లేకుండా గేటు దాటితే నాకు చెప్పండి," అని ఊరుకుంది.

మొదటి పలక బెల్టు చివరికి వచ్చిన రోజు ఏం చెయ్యాలో ఆయనకూ తెలియలేదు. సుద్దముక్క పట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. మందాకిని వచ్చి ఎదురుగా నిలబడింది. ఏమీ అడక్కుండా కొంగుతో చేయి తుడుచుకుని, గాజు మీద వేళ్ళు పెట్టి, ఒకటో నమూనా నుంచి మొదలుపెట్టింది. ఆయన ఆమె ముఖం చూశాడు. ఇసుక దగ్గర కనుబొమ్మలు కదిలాయి. చన్నీళ్ళ దగ్గర భుజం జలదరించింది. ముప్పై ఎనిమిదో దాని దగ్గర, తొమ్మిదేళ్ళుగా బిగుసుకుని ఉన్న ఆ దవడ కొంచెం వదులైంది. కళ్ళు మూసుకుంది. ఆమె వేలు ఒకచోట ఆగడం ఆయన చూశాడు.

కుట్టు దగ్గర అనుకున్నాడు. సుద్దముక్కతో టిక్కు కొట్టాడు.

అప్పటినుంచీ పద్ధతి అదే. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని ముట్టుకుంటారు. ఒక రోజు ఫర్హానా, ఒక రోజు లారీ డ్రైవరు, సామాను దించడానికి వచ్చిన ఎవరైనా. ఆయన వాళ్ళ ముఖాలు చూస్తాడు. ముప్పై ఎనిమిదో దాని దగ్గర ముఖం మారకపోతే ఆ పలకను పక్కన పెడతాడు. తెరిచి చూస్తే లోపల ఎక్కడో అతుకు ఊడి ఉంటుంది. ఇంతవరకూ ఒక్కటి కూడా తప్పు పోలేదు.

టిక్కు కొట్టాక ఆయన చేయి నడుము దగ్గరికి పోతుంది. బొటనవేలూ మరో రెండు వేళ్ళూ గుడ్డ మీద జరుగుతాయి. ఏమీ తగలదు. గుడ్డ ఉందో లేదో వంగి చూసుకుంటాడు. ఉంటుంది.

"ఇంకోటి పంపుండ్రి," అంటాడు.